లిఫ్టు లేకుండా పెద్ద టైర్లు: కొనే ముందు కొలవండి



ఈ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వారు అడిగారు. కవితలు, జ్ఞాపకాలు రాసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. కనుక మాకు తెలిసిన పని గురించి రాద్దామనుకున్నాం. మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే పదో తరగతి పూర్తి చేసి, ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చదివినవాళ్ళం. ఇప్పుడు నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే దారిలో షెడ్డు నడుపుతున్నాం. చలికాలం వస్తే లంబసింగి మంచు, వంజంగి కొండ మీద మేఘాలు చూడటానికి వెళ్ళేవాళ్ళ థార్లు, జిమ్నీలు మా షెడ్డు ముందు ఆగుతాయి. మిగతా రోజుల్లో మన్యం సంతలకు మనుషుల్ని, మూటల్ని చేరవేసే బొలేరోలు, పాత జీపులు వస్తాయి. ఈ రెండు రకాల బండ్ల వాళ్ళూ అడిగే ప్రశ్న ఒక్కటే: "దీనికి పెద్ద టైర్లు పడతాయా?"

దానికి "పడతాయి", "పడవు" అని ఒక్క మాటలో జవాబు చెప్పేవాడు మెకానిక్ కాదు. కొలిచి చెప్పేవాడే మెకానిక్. ఆ కొలత ఎలా తీయాలి, ఎక్కడ తీయాలి, ఎంతవరకు వెళ్ళవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే ఈ వ్యాసం. ఇందులో ఉన్న లెక్కలన్నీ ఏడో తరగతి శాతాల పాఠానికి మించినవి కావు. కనుక చిన్న తరగతుల తమ్ముళ్ళు కూడా కాగితం, పెన్సిలు పట్టుకుని చదవగలరు.

టైరు మీద అంకెల అర్థం

బొలేరో టైరు పక్క భాగం మీద 215/75 ఆర్ 15 అని ఉంటుంది. మొదటి అంకె 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండో అంకె 75 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం అని. 'ఆర్' అంటే రేడియల్ రకం. చివరి 15 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే సైజును చెప్పడానికి మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు మూడూ కలిపి వాడారు. అందుకే చాలామంది తికమకపడతారు.

ఇప్పుడు టైరు మొత్తం ఎత్తు కడదాం. గోడ ఎత్తు 215లో 75 శాతం, అంటే 161.25 మి.మీ. రిమ్ముకు పైన ఒక గోడ, కింద ఒక గోడ ఉంటాయి కనుక రెండింతలు చేస్తే 322.5. రిమ్ము 15 అంగుళాలు. అంగుళానికి 25.4 మి.మీ. చొప్పున 381. రెండూ కలిపితే 703.5 మి.మీ. ఇది బొలేరో టైరు ఎత్తు.

బొలేరో వాళ్ళు ఎక్కువగా అడిగే పెద్ద సైజు 235/75 ఆర్ 15. ఇదే పద్ధతిలో కడితే 733.5 మి.మీ. వస్తుంది. తేడా 30 మి.మీ. శాతంలో చెప్పాలంటే 4.3. ఇంకొందరు ఫొటోల్లో చూసి 31 అంగుళాల టైరు కావాలంటారు. దాని ఎత్తు 787 మి.మీ. తేడా 84 మి.మీ., అంటే దాదాపు 12 శాతం. ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి: 703, 733, 787. వ్యాసమంతా వీటితోనే పని.

బండి ఎంత లేస్తుంది?

టైరు 30 మి.మీ. పెరిగితే బండి కూడా 30 మి.మీ. లేస్తుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఇరుసు చక్రం మధ్యలో ఉంటుంది. ఇరుసు కింద ఉన్నది సగం చక్రమే. కాబట్టి బండి లేచేది సగమే, 15 మి.మీ. మన చిటికెన వేలి మందం కన్నా కొంచెం ఎక్కువ.

దీనికి కంపెనీ లెక్కే సాక్ష్యం. 2020 అక్టోబరులో వచ్చిన మహీంద్రా థార్‌ను రెండు సైజుల టైర్లతో అమ్మారు. ఒకటి 245/75 ఆర్ 16, ఎత్తు 774 మి.మీ. రెండోది 255/65 ఆర్ 18, ఎత్తు 789 మి.మీ. తేడా 15, అందులో సగం ఏడున్నర. ఆ రెండు బండ్లకు కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్సు 219, 226 మి.మీ. తేడా సరిగ్గా ఏడు. అంటే మనం కాగితం మీద కట్టిన లెక్క, కంపెనీ అచ్చు వేసిన లెక్క ఒక్కటే.

మిగతా సగం ఏమైంది? టైరు పైభాగం 30 మి.మీ. లేచింది, బాడీ 15 మి.మీ. మాత్రమే లేచింది. కాబట్టి టైరుకు, మడ్ గార్డుకు మధ్య ఖాళీ 15 మి.మీ. తగ్గింది. ముందు వైపు, వెనక వైపు కూడా టైరు అంచు అంతే దగ్గరికి జరిగింది. రాయి తగలకుండా సంపాదించిన ప్రతి మిల్లీమీటరుకూ గార్డు దగ్గర ఒక మిల్లీమీటరు పోగొట్టుకున్నట్టే. పెద్ద టైరు కథ అంతా ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే ఉంది.

లిఫ్టు అంటే ఏమిటి, అది లేకుండా ఎందుకు?

ఇరుసుకు, బాడీకి మధ్య ఎడం పెంచడాన్ని లిఫ్టు అంటారు. స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టడం, పొడవు స్ప్రింగులు వేయడం, కమాన్లకు పొడవు షాకిళ్ళు బిగించడం వంటి పద్ధతులున్నాయి. దీంతో గార్డు దగ్గర ఖాళీ పెరుగుతుంది, 31 సైజు టైరు కూడా పట్టవచ్చు. కానీ బండి బరువంతా పైకి వెళుతుంది, మలుపులో ఒరుగు పెరుగుతుంది. జాయింటు షాఫ్టు వాలు మారి క్రాసులు తొందరగా అరుగుతాయి. బ్రేకు గొట్టాలు బిగుసుకుంటాయి. స్టీరింగు కోణాలు మారిపోతాయి. ఒకదాన్ని సరిచేయడానికి ఇంకొకటి మార్చాలి, దానికోసం మరొకటి. ఖర్చు టైర్ల దగ్గర ఆగదు.

బండి కంపెనీ ఎత్తులోనే ఉండాలి, టైరు మాత్రం ఒక మెట్టు పెరగాలి అనుకునేవాళ్ళకు లిఫ్టు లేని పద్ధతే సరిపోతుంది. మా అనుభవంలో నూటికి తొంభై మంది అవసరం ఇంతే.

ఎక్కడ రాసుకుంటుంది?

టైరు బిగించి, బండి చదునుగా నిలబెట్టి, "చూశారా, ఎక్కడా తగల్లేదు" అంటారు కొన్ని చోట్ల. నిలబడ్డ బండికి ఏ టైరూ తగలదు. అసలు పరీక్ష రెండు సందర్భాల్లో: స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు, స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు. ఈ రెండూ ఒకేసారి జరిగినప్పుడు ఇంకా ముఖ్యం. ఘాట్ మలుపులో ముందు చక్రం గోతిలో పడితే జరిగేది సరిగ్గా అదే.

రాసుకునే చోట్లు సాధారణంగా ఇవి:

1. ముందు గార్డు వెనక అంచు. గార్డు బాడీతో కలిసే చోట రెండు రేకులు అతికించిన మడత ఉంటుంది. స్టీరింగు తిప్పగానే టైరు వెనక భుజం ముందుగా దీన్నే తాకుతుంది. గార్డు లోపలి ప్లాస్టిక్ పలక, మడ్ ఫ్లాపు కూడా ఇక్కడే ఉంటాయి.

2. ముందు బంపరు మూల. తిప్పినప్పుడు టైరు ముందు భుజం దీనివైపు వస్తుంది.

3. లోపలి వైపు. టైరు 20 మి.మీ. వెడల్పు పెరిగితే అందులో 10 లోపలికి, 10 బయటికి వస్తాయి. లోపల వెనక చక్రానికి కమాను పట్టీలు, ముందు చక్రానికి ఆర్ములు, స్టెబిలైజరు కడ్డీ, బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు ఉంటాయి. రేకు రాసుకుంటే చప్పుడు వస్తుంది, డ్రైవరుకు తెలుస్తుంది. బ్రేకు గొట్టం రాసుకుంటే చప్పుడు రాదు. అందుకే మేము ముందుగా వెతికేది దీన్నే.

4. గార్డు పైభాగం. బరువు మీద స్ప్రింగు అణిగినప్పుడు టైరు పైకి వచ్చి రేకు అంచుకు తగులుతుంది. రేకు అంచు పదునుగా ఉంటే టైరును కోసేస్తుంది.

కొనక ముందే కొలిచే పద్ధతి

కొత్త టైరు కొన్నాక పట్టకపోతే దుకాణం వాళ్ళు వెనక్కి తీసుకోరు. అందుకని పాత టైరు ఉండగానే కొలవాలి. దీనికి కావలసినవి ఒక చెక్క ముక్క, స్కేలు, సున్నం, జాకీ, నాలుగైదు ఇసుక బస్తాలు.

మొదట రెండు టైర్ల సగం తేడా కట్టండి. బొలేరో ఉదాహరణలో అది 15 మి.మీ. ఇప్పుడున్న టైరు అరిగి ఉంటే, అరిగినంతా దీనికి కలపాలి. కొత్త టైరుకు గాడి లోతు సుమారు 8 మి.మీ. ఉంటే, అరిగిన దానికి 2 మాత్రమే మిగిలి ఉండవచ్చు. అంటే ఇంకో 6 మి.మీ. మొత్తం 21. ఈ సంగతి మరిచిపోయి, అరిగిన టైరు పక్కన కొలిచి కొత్తది కొనేవాళ్ళే ఎక్కువ.

ఆ మందం గల చెక్క ముక్కను టైరు పరుగు మీద ఆనించి, స్టీరింగును ఒక కొస నుంచి ఇంకో కొసకు నెమ్మదిగా తిప్పించండి. నాలుగు చోట్లా చెక్క ఇరుక్కోకుండా వెళ్ళాలి. వెళ్ళడమే కాదు, దాని పక్కన ఇంకో రెండు వేళ్ళ ఖాళీ మిగలాలి. ఎందుకో బురద దగ్గర చెబుతాం. టైరు లోపలి గోడ దగ్గర 10 మి.మీ. మందం ముక్కతో ఇదే పని చేయాలి.

తర్వాత బరువు పరీక్ష. బండి మామూలుగా మోసే బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వేయండి. ఎడమ ముందు చక్రాన్ని, కుడి వెనక చక్రాన్ని గట్టి దుంగల మీదికి ఎక్కించండి. అప్పుడు ఆ రెండు చక్రాలు గార్డులోకి దూరతాయి, మిగతా రెండూ కిందికి వేలాడతాయి. గార్డు లోపల ముందే సున్నం పూసి ఉంచితే ఎక్కడ తగిలిందో గీత పడుతుంది. తర్వాత రెండో వైపు. ఈ పరీక్ష జరిగేటప్పుడు టైరుకు, గార్డుకు మధ్య చెయ్యి పెట్టకూడదు, బండి కిందికి దూరకూడదు. స్కేలుతో కొలిచేది ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టాకే. షెడ్డులో నేర్చుకునే కుర్రవాళ్ళకు మేము మొదటి రోజు చెప్పే మాట ఇదే.

చోటు చేసుకోవడం ఎలా?

కొలిచాక కొద్దిగా చోటు చాలడం లేదని తేలితే కొన్ని మార్గాలున్నాయి. తేలికైన దాని నుంచి మొదలుపెట్టి, చాలినచోట ఆగాలి.

మొదటిది, మడ్ ఫ్లాపును వెనక్కి జరపడం. రెండు బోల్టుల పని. తీసి పారేయకూడదు, వెనక వచ్చేవాడి అద్దం మీద రాళ్ళు పడతాయి.

రెండోది, ప్లాస్టిక్ పలకను వేడి గాలితో మెత్తబరచి లోపలికి నొక్కడం. అక్కడికీ చాలకపోతే తగిలినంత మేర కోయడం.

మూడోది, గార్డు వెనక ఉన్న రేకుల మడతను సుత్తితో వెనక్కి మడవడం. గ్రైండరుతో కోస్తే రెండు రేకుల అతుకు ఊడిపోతుంది, లోపలికి నీరు చేరుతుంది. మడిచిన చోట పెయింటు పగులుతుంది కనుక తుప్పు పట్టని ప్రైమరు, పైన రంగు తప్పక వేయాలి. గార్డు పై అంచును కూడా ఇలాగే లోపలికి మడవవచ్చు.

నాలుగోది, స్టీరింగు స్టాపు బోల్టులు. చక్రం ఎంత వరకు తిరగాలో ఆపే బోల్టులు ఇవి. కొన్ని బండ్లకు సవరించే వీలుంటుంది. ఒక్క చుట్టు బయటికి తీస్తే చక్రం కొంచెం తక్కువ తిరుగుతుంది, రాసుకోవడం ఆగుతుంది. కానీ బండి తిరగడానికి ఎక్కువ చోటు కావాలి. పట్నంలో అది లెక్కలోది కాదు. ఘాట్లో, ఒక్క తిప్పులో తిరిగే మలుపు దగ్గర రెండోసారి రివర్సు చేయాల్సి వస్తే, వెనక లోయ ఉన్నప్పుడు అది చిన్న విషయం కాదు. కనుక దీన్ని కొద్దిగానే వాడాలి.

ఐదోది, రిమ్ము మార్చడం లేదా స్పేసరు వేయడం. లోపల తగులుతుంటే చక్రాన్ని బయటికి జరపడం ఒక దారి. అయితే లోపల తీరిన బాధ బయట మొదలవుతుంది. చక్రం బయటికి జరిగితే తిరిగేటప్పుడు ఇంకా పెద్ద చుట్టు తిరుగుతుంది, బంపరు మూలకు, గార్డు అంచుకు తగులుతుంది. బేరింగుల మీద బరువు పెరుగుతుంది, స్టీరింగు బరువవుతుంది. మార్కెట్లో దొరికే చౌక స్పేసర్లు మేము వేయం. వేసుకోమని ఎవరికీ చెప్పం. రిమ్ము మార్చాల్సి వస్తే కొత్త టైరుకు తగిన వెడల్పున్నదే కావాలి. 235/75 ఆర్ 15 టైరుకు 6 నుంచి 8 అంగుళాల వెడల్పు రిమ్ములు వాడతారు. రిమ్ము వెడల్పు దాని మీదే పోత పోసి ఉంటుంది.

ఆరోది, బంపు స్టాపు. స్ప్రింగు అణిగినప్పుడు చివర తగిలే రబ్బరు దిమ్మ ఇది. దాన్ని కాస్త పొడవు చేస్తే టైరు గార్డును తాకక ముందే ఆగుతుంది. బదులుగా గోతుల్లో కుదుపు పెరుగుతుంది. రెండు వైపులా సమానంగా చేయాలి.

ఈ ఆరింటితోనూ చోటు చాలకపోతే ఆ సైజు ఆ బండిది కాదు. బొలేరోకు 31 సైజు అలాంటిదే. టైరు అర్థం లెక్కన 42 మి.మీ. ప్రతి వైపుకూ జరుగుతుంది, వెడల్పు 50 మి.మీ. పైన పెరుగుతుంది. మడతలతో, సుత్తితో తీరే తేడా కాదది. ఇంకోవైపు జిమ్నీ చూడండి. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీకి కంపెనీ టైరు 195/80 ఆర్ 15, ఎత్తు 693 మి.మీ. దానికి 215/75 ఆర్ 15 వేస్తే 703.5. తేడా పదిన్నర మి.మీ., ఒకటిన్నర శాతం. గార్డు దగ్గర తగ్గేది ఐదు మి.మీ. మాత్రమే. వెడల్పు మాత్రం 20 పెరుగుతుంది కనుక లోపలి వైపు చూసుకుంటే చాలు.

బురద లెక్క, గాలి లెక్క

రెండు వేళ్ళ ఖాళీ ఎందుకన్నామో ఇప్పుడు చెబుతాం. నల్లరేగడి బురద టైరుకు అంటుకుని దానితోపాటు తిరుగుతుంది. ఖాళీ తక్కువైతే టైరుకు, గార్డుకు మధ్య ఆ మట్టి అచ్చులో పోసినట్టు బిగుసుకుంటుంది. చక్రం తిరగదు, ఇంజను లాగలేదు. బురదలో పోవడానికని వేసిన పెద్ద టైరు బురదలోనే బండిని ఆపేస్తుంది. ఎండు నేల మీద తగలని టైరు బురదలో తగులుతుందని ఇందుకే అంటాం.

ఇంకో మాట. వెడల్పు టైరు అన్నిచోట్లా మేలు కాదు. ఇసుకలో వెడల్పు పనికొస్తుంది, తేలుతూ పోతుంది. పైన జారుడు బురద, కింద గట్టి నేల ఉన్న దారిలో సన్న టైరే బురదను చీల్చుకుని గట్టి నేలను పట్టుకుంటుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపుల టైరు వెడల్పు 6 అంగుళాలే. ఎక్కడెక్కడ తిరిగాయో ఆ జీపులు అందరికీ తెలుసు.

కాబట్టి పెద్ద టైరు కొనే ముందు ఖర్చు లేని పని ఒకటి చేసి చూడండి. రోడ్డు మీద 32 పౌండ్లున్న గాలిని బురదలోకి, ఇసుకలోకి దిగే ముందు 20 దాకా తగ్గించండి. టైరు నేలను ఆనుకునే భాగం పొడవు పెరుగుతుంది, పట్టు పెరుగుతుంది. అప్పుడు మెల్లగా నడపాలి, గట్టిగా తిప్పకూడదు, టైరు రిమ్ము నుంచి ఊడవచ్చు. రోడ్డెక్కగానే మళ్ళీ గాలి నింపాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది. ఒక గాలి మీటరు, చిన్న పంపు ఉంటే చాలు. చాలామందికి దీనితోనే పని జరిగిపోతుంది.

మీటరు, బ్రేకు, గేరు

టైరు చుట్టుకొలత పెరిగితే చక్రం ఒక్కసారి తిరిగినప్పుడు బండి ఎక్కువ దూరం వెళుతుంది. మీటరు మాత్రం పాత లెక్కే చూపుతుంది. 235 సైజు బొలేరోలో మీటరు 60 చూపే చోట, పాత టైరుతో పోలిస్తే వేగం 62.6 అవుతుంది. 31 సైజుతో 67. కిలోమీటర్లు కూడా అంతే. 100 కి.మీ. తిరిగితే మీటరు 96 చూపుతుంది. "టైర్లు మార్చాక మైలేజీ పడిపోయింది" అనేవాళ్ళ ఫిర్యాదులో కొంత నిజం, కొంత ఈ మీటరు తేడా.

బ్రేకు సంగతి ఇంతకన్నా ముఖ్యం. బ్రేకు డిస్కు, డ్రమ్ము అవే. వాటి పట్టు అంతే. కానీ ఇరుసు నుంచి నేల దూరం పెరిగింది. పొడుగు పిడి ఉన్న పానాతో నట్టు తేలిగ్గా తిరుగుతుంది కదా. అదే సూత్రం ఇక్కడ బ్రేకుకు ఎదురు పనిచేస్తుంది. పెడల్ మీద అంతే బలం వేస్తే నేల దగ్గర ఆపే బలం 4 శాతం తగ్గుతుంది, 31 సైజుకు పదో వంతు పైనే తగ్గుతుంది. టైరు బరువు పెరిగింది కనుక తిరిగే చక్రాన్ని ఆపడమూ కష్టమే. ఘాట్ దిగేటప్పుడు, బండి నిండా జనం ఉన్నప్పుడు ఆ తేడా లెక్కలోకి వస్తుంది. ఎక్కేటప్పుడు అదే తేడా క్లచ్చు మీద పడుతుంది.

నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలి. ఫోర్ వీల్ బండిలో ముందు రెండు ఒకటి, వెనక రెండు ఒకటి వేస్తే గేరుపెట్టె పక్కనున్న ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. స్టెప్నీ కూడా అదే సైజుదై ఉండాలి. వెనక తలుపుకు వేలాడే స్టెప్నీ అయితే బరువు పెరిగాక ఆ తలుపు బందుల్ని చూసుకోవాలి. టైరు మీదుండే బరువు అంకె కంపెనీ టైరుకన్నా తక్కువ ఉండకూడదు. బిగించిన వంద కిలోమీటర్లకు నట్లు మళ్ళీ బిగించాలి, అలైన్‌మెంటు చేయించాలి, గార్డు లోపల ఒకసారి టార్చి వేసి చూడాలి.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను బండిలో మార్పుల గురించి చెబుతుంది. రిజిస్ట్రేషను వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని దాని సారాంశం. కేరళ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనును గట్టిగా సమర్థించింది. కనుక ముందుగా కంపెనీ ఆ మోడలుకు ఏయే టైరు సైజులు ఒప్పుకుందో చూడండి. ఆ జాబితాలో ఉన్న పెద్ద సైజు అయితే చిక్కు లేదు. లేనిదైతే బండి ఫిట్‌నెస్ దగ్గర ఆగవచ్చు, ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర పేచీ రావచ్చు. కొనేముందు ఆర్టీవో కార్యాలయంలో, బీమా వారి దగ్గర అడిగి తెలుసుకోవడం మంచిది. అద్దె బండ్లవాళ్ళు ఇది తప్పక చేయాలి.

మా షెడ్డులో మేము పెట్టుకున్న నియమం

సొంతానికి తిరిగే థార్ ఓనరు తన సరదా కోసం టైరు మారుస్తాడు. అతని బండిలో ఎక్కేది అతను, అతని స్నేహితులు. సర్వీసు బొలేరో అలా కాదు. అందులో ఎక్కే ముసలమ్మకు, సంతకు పసుపు మూట తెచ్చుకునే రైతుకు, సెలవులకు ఇంటికి పోయే హాస్టలు పిల్లవాడికి ఆ టైరు సైజు ఏమిటో తెలియదు. బ్రేకు ఎంత తగ్గిందో తెలియదు. తెలిసినవాళ్ళు ఇద్దరే: బిగించిన మెకానిక్, నడిపే డ్రైవరు.

ఒకసారి ఘాట్ రోడ్డులో తిరిగే బొలేరో ఓనరు ఒకరు 31 సైజు కావాలని, చోటు కోసం గార్డులు కోసేయమని అడిగారు. కారణమేమిటని అడిగితే, వాగు దాటే చోట బండి అడుగు రాళ్ళకు తగులుతోందన్నారు. మేము కొలిచి చూపాం. ఆ టైరుతో లేచేది 42 మి.మీ., పోయేది బ్రేకులో పదో వంతు పైన. ఇంతకీ ఆయన బండిలో వెనక కమాన్లు పాతబడి వంపు పోయి, బండి కంపెనీ ఎత్తుకన్నా కిందికి దిగిపోయి ఉంది. కమాన్లు మళ్ళీ వంపు పెట్టించి, అరిగిన టైర్ల స్థానంలో కంపెనీ సైజువే కొత్తవి వేస్తే పోయిన ఎత్తు తిరిగొచ్చింది. ఖర్చు కూడా తగ్గింది. "పెద్ద టైరు కావాలి" అన్న మాట వెనక అసలు కావలసింది ఏమిటో అడగాలి. చాలాసార్లు అది టైరు కాదు.

అప్పటి నుంచి జనాన్ని ఎక్కించుకునే బండ్లకు కంపెనీ ఒప్పుకున్న సైజు దాటి మేము వేయడం లేదు. ఆ పని వేరే షెడ్డుకు పోతుందని మాకు తెలుసు. పోనీ అనుకున్నాం.

తమ్ముళ్ళకు ఒక మాట

పదో తరగతి అయ్యాక ఏం చేయాలా అని ఆలోచించేవాళ్ళు మీలో ఉంటారు. ఇంటర్, డిగ్రీ చదివి ఉద్యోగాలు చేసే అన్నలను చూసి సంతోషించండి, ఆ దారిలో వెళ్ళండి. ఆ దారి కుదరనివాళ్ళు మెకానిక్ పనిని చిన్నచూపు చూడవద్దు. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు రెండేళ్ళు, డీజిల్ మెకానిక్ ఒక ఏడాది. కానీ పానా పట్టడం ఒక్కటే వస్తే చేసే పని సగమే. శాతాలు, వ్యాసం, చుట్టుకొలత, నెమ్ముకోల సూత్రం, ఇవన్నీ మన హాస్టలు ట్యూషన్ గంటలో నేర్పినవే. వాటిని పరీక్ష కోసం చదివి వదిలేయకుండా గుర్తుపెట్టుకున్నవాడే, ఓనరు ఎంత పెద్దమనిషైనా, "అయ్యా, ఇది పట్టదు, లెక్క ఇదిగో" అని నిలబడి చెప్పగలడు. మన దగ్గర డబ్బు, పలుకుబడి లేని రోజుల్లో కూడా ఆ లెక్క మన చేతిలో ఉంటుంది.

మీ బండి గురించి సందేహం ఉంటే సెలవుల్లో మా షెడ్డుకు రండి. ముందు మేము టైరు చూడం, టేపు తీస్తాం.

ఇట్లు,
మోటార్ మెకానిక్ పనిలో ఉన్న పూర్వ విద్యార్థులు